మలపరీక్షలో ‘నిల్’ అని రాసే ముందు

చిన్న ల్యాబుల్లో మోషన్ పరీక్ష అంటే అందరికీ చిన్నచూపే. బయోకెమిస్ట్రీ మెషిన్‌కి రోజూ పొద్దున్నే కంట్రోల్ (జవాబు ముందే తెలిసిన నమూనా) నడిపే చోట కూడా, స్లైడ్ మీద వేసే సెలైన్ ఎప్పుడు కలిపారని అడిగితే జవాబుండదు. అయితే తప్పు పాజిటివ్ వస్తే డాక్టరో, పేషెంటో అనుమానపడి మళ్లీ చేయిస్తారు. తప్పు ‘నిల్’, అంటే పరాన్నజీవులేమీ లేవని వస్తే దాన్ని ఎవరూ తిరిగి చూడరు. అందుకని కింద చెప్పే ప్రతి పనినీ ఈ ఒక్క ప్రశ్నతో చూడండి: ఈ నమూనాలో పురుగు గుడ్డో, సిస్టో (అమీబా లాంటి ఏకకణ జీవి గట్టి గోడ కట్టుకున్న దశ) ఉండి ఉంటే మనకు కనిపించేదేనా?

1. డబ్బా ఇచ్చేటప్పుడే మొదలుపెట్టండి

వెడల్పు మూతి ఉన్న, పొడిగా ఉన్న, మూత గట్టిగా పట్టే డబ్బా ఇవ్వండి. ఉసిరికాయంత, అంటే 5 నుంచి 10 గ్రాములు చాలు. మూత్రం కలవకూడదని, మరుగుదొడ్డి నీళ్లు, నేల మట్టి తగలకూడదని చెప్పి పంపండి. మూత్రం తగిలితే అమీబా ట్రోఫోజోయిట్లు (గోడ లేకుండా కదిలే దశ) చచ్చిపోతాయి. నీళ్లలో, మట్టిలో సొంతంగా బతికే అమీబాలు, లార్వాలు ఉంటాయి, అవి వచ్చి మన స్లైడ్ మీద చేరతాయి. ఇప్పటికీ అక్కడక్కడా అగ్గిపెట్టెలో తెస్తుంటారు. అట్ట తడినంతా పీల్చేస్తుంది కాబట్టి తీసుకోకండి, కొత్త డబ్బా ఇచ్చి పంపండి.

పేరు, నంబరు డబ్బా ఒంటి మీద రాయాలి. మూత మీద రాస్తే రెండు డబ్బాలు పక్కపక్కన తెరిచినప్పుడు మూతలు మారిపోతాయి. విరేచనం అయిన టైమ్ కూడా రాయాలి. ల్యాబ్‌కి చేరిన టైమ్ ఒక్కటే రాస్తే ఉపయోగం లేదు.

తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఈమధ్య బేరియం ఎక్స్‌రే తీశారా? మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్, అల్బెండజోల్ లాంటివి వాడారా? బేరియం తాగితే కనీసం 10 రోజులు, ఆ మందులు వాడితే కనీసం 2 వారాలు ఆగితే మంచిది. ఆగే వీల్లేకపోతే మందు పేరు, వాడిన తేదీ రిపోర్టులో రాయండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు అల్బెండజోల్ ఇస్తారు కదా, ఆ తర్వాత వచ్చే పిల్లల నమూనాలకు ఈ వివరం మరీ ముఖ్యం.

ఒక్క నమూనాతో తేల్చేయకండి. రోజు విడిచి రోజు మూడు నమూనాలు, 10 రోజుల లోపు రావాలి. జియార్డియా అనే పేగు పరాన్నజీవి కొన్ని రోజులు విపరీతంగా కనిపిస్తుంది, కొన్ని రోజులు ఒక్కటీ దొరకదు.

ఇక టైమ్ సంగతి. నీళ్ల విరేచనాన్ని అరగంటలోపు, మెత్తటిదాన్ని గంటలోపు చూడాలి. గట్టిగా ఉంటే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లోపు చూడొచ్చు. పలచటి మలంలో ఉండేవి ట్రోఫోజోయిట్లు. అవి ఒంట్లోంచి బయటికొచ్చాక సిస్టులుగా మారవు, నేరుగా చెడిపోతాయి. వాటిని ఫ్రిజ్‌లో పెడితే కదలిక ఆగిపోతుంది, ఇంక్యుబేటర్‌లో పెడితే ఇంకా తొందరగా కుళ్లిపోతాయి. రెండూ వద్దు.

మే నెలలో మన గదుల్లో 40 డిగ్రీలు దాటుతుంటే ఈ లెక్కలు ఇంకా బిగించుకోవాలి. కొంకి పురుగు గుడ్లున్న మలం ఒక రోజు బయట ఉండిపోతే గుడ్లు పొదిగి లార్వాలు బయటికొస్తాయి. అప్పుడు చూసినవాళ్లు స్ట్రాంగిలాయిడిస్ (మలంలో లార్వాగానే కనిపించే వేరే పురుగు) అని రాసేస్తారు. తేడా నోటి దగ్గర తెలుస్తుంది: కొంకి పురుగు లార్వాకి నోటి గొట్టం పొడుగ్గా ఉంటుంది, స్ట్రాంగిలాయిడిస్‌కి చాలా పొట్టిగా ఉండి, ఒంటి మధ్యలో జననాంగ మొగ్గ స్పష్టంగా కనిపిస్తుంది.

టైమ్‌కి చూడలేమనిపిస్తే ఆలోచించకుండా 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి. ఒక వంతు మలానికి మూడు వంతుల ఫార్మలిన్ పోసి, గడ్డలు లేకుండా పుల్లతో బాగా కలపాలి. గడ్డ లోపలికి ఫార్మలిన్ వెళ్లకపోతే అక్కడ కుళ్లుతూనే ఉంటుంది.

2. ద్రావణాలు

సెలైన్: 8.5 గ్రాముల సోడియం క్లోరైడ్, లీటరు డిస్టిల్డ్ వాటర్. మామూలు నీళ్లు వాడితే ట్రోఫోజోయిట్లు ఉబ్బి పగిలిపోతాయి. వారానికోసారి ఆ సెలైన్‌నే ఒక చుక్క స్లైడ్ మీద వేసి, కవర్ స్లిప్ పెట్టి మైక్రోస్కోప్ 10ఎక్స్, 40ఎక్స్ లెన్సుల్లో చూడండి. ఏదైనా ఈదుతూ కనిపిస్తే సీసా మొత్తం పారబోసి, కడిగి, కొత్తది నింపండి. పాత సెలైన్ మీద కొత్తది పోస్తూ పోవడమే ఈ తిప్పలకు మూలం. సీసా అడుగున పెరిగేది అలాగే పెరుగుతుంటుంది.

లుగాల్ అయోడిన్: ముందు 10 గ్రాముల పొటాషియం అయోడైడ్‌ని 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి, తర్వాత 5 గ్రాముల అయోడిన్ పలుకులు కొద్దికొద్దిగా వేయండి. ఈ వరస తప్పితే అయోడిన్ కరగదు. బ్రౌన్ సీసాలో, వెలుతురు తగలకుండా దాచండి. వాడుకకి దీన్ని నాలుగైదు రెట్ల డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేసి చిన్న డ్రాపర్ సీసాలో పోసుకోండి. రంగు పలచటి డికాషన్‌లా ఉండాలి. చిక్కగా ఉంటే మలం రేణువులన్నీ ముద్దకట్టి సిస్టులు వాటి వెనక దాక్కుంటాయి. వెలిసిపోతే సిస్టులో గ్లైకోజెన్ రంగు పట్టదు, న్యూక్లియస్‌లు లెక్కపెట్టలేం. పలచన చేసినదాన్ని రెండు వారాలకు మించి వాడకండి.

అయోడిన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక చుక్క అన్నం గంజి మీద వేస్తే చాలు, నల్లటి నీలం రావాలి. ఇది రోజువారీ పరీక్ష. అసలు పరీక్ష మాత్రం, తెలిసిన పాజిటివ్ నమూనాతోనే: హాని చేయని ఎంటమీబా కోలై అనే అమీబా సిస్టులో న్యూక్లియస్‌లు ఎనిమిదీ లెక్కకి అందాలి.

ఆ పాజిటివ్‌లు ఎక్కడివంటే, మీ ల్యాబ్‌కి వచ్చినవే. ఏలిక పాము, కొంకి పురుగు, కొరడా పురుగు గుడ్లు, జియార్డియా సిస్టులు బాగా కనిపించిన ప్రతి నమూనాలోంచి కొంత ఫార్మలిన్‌లో వేసి దాచండి. పేషెంట్ పేరు తీసేసి, అందులో ఏముందో, తేదీ ఎంతో రాయండి. కొత్త ద్రావణం కలిపిన ప్రతిసారీ ఈ నిల్వలోంచి ఒకటి తీసి నడిపి, ఫలితం రిజిస్టర్‌లో ఎక్కించాకే పేషెంట్ల నమూనాలకు వాడాలి.

10 శాతం ఫార్మలిన్ అంటే దుకాణంలో దొరికే 37–40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మి.లీ.కి 900 మి.లీ. నీళ్లు. ఆ దుకాణపు సీసాని ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లదనానికి అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, పైన మిగిలినదాంట్లో బలం తగ్గిపోతుంది.

ఇంకో మాట, కింద చెప్పే కాన్సంట్రేషన్ పద్ధతిలో కొందరు వాడే ఈథర్ గురించి. దాని మరుగు స్థానం 34.6 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఈథర్ సీసా తెరవడమంటే మరుగుతున్నదాని మూత తీయడమే. పైగా దాని ఆవిరి నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో పెడితే లోపలి స్విచ్ నిప్పురవ్వకే అంటుకోవచ్చు. ఇథైల్ అసిటేట్ వాడండి. అదీ మండేదే, కానీ 77 డిగ్రీల దాకా మరగదు, పని కూడా అంతే బాగా చేస్తుంది.

3. మైక్రోస్కోప్‌లో కొలత బిగించండి

చాలాచోట్ల ఎగ్గొట్టే పని ఇదే. జబ్బు చేసే ఎంటమీబా హిస్టోలిటికా సిస్టుకీ, హాని చేయని ఎంటమీబా హార్ట్‌మనీ సిస్టుకీ కంటికి కనిపించే తేడా పరిమాణమొక్కటే: 10 మైక్రాన్ల కంటే చిన్నదైతే హార్ట్‌మనీ. కంటి అంచనాతో ఇది తేలదు.

ఐపీస్‌లో గీతల డిస్కు వేయించండి. స్లైడ్ స్థానంలో స్టేజ్ మైక్రోమీటర్ పెట్టండి, దాని మీద 1 మిల్లీమీటరు 100 భాగాలుగా ఉంటుంది, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. రెండింటి సున్నా గీతలు కలపండి. కుడివైపు ఎంత దూరంలో మళ్లీ రెండు గీతలు కచ్చితంగా కలుస్తాయో చూడండి. ఉదాహరణకి 40ఎక్స్‌లో ఐపీస్ 40వ గీత, స్టేజ్ 10వ గీత కలిశాయనుకోండి. 10 × 10 = 100 మైక్రాన్లు, దాన్ని 40తో భాగిస్తే ఐపీస్‌లో ఒక గీత 2.5 మైక్రాన్లు. ఇలా 10ఎక్స్, 40ఎక్స్, 100ఎక్స్ మూడింటికీ విడివిడిగా చేసి, ఆ అంకెలు చీటీ రాసి మైక్రోస్కోప్‌కే అతికించండి. ఏడాదికోసారి, లెన్సు గానీ ఐపీస్ గానీ మార్చినప్పుడు మళ్లీ చేయాలి. పక్క మైక్రోస్కోప్ అంకెలు దీనికి పనికిరావు.

4. డైరెక్ట్ స్లైడ్

ముందు డబ్బాలోకి కంటితో చూడండి. చీము, రక్తం, జిగట ఉన్నచోటు నుంచి కొంత తీయాలి, ట్రోఫోజోయిట్లు అక్కడే ఎక్కువ. గట్టి మలమైతే పైనుంచి, లోపలినుంచి, రెండు చివర్లనుంచి కొంచెం కొంచెం తీయండి. బద్దె పురుగు ముక్కలు, ఏలిక పాములు ఉన్నాయేమో చూడండి. ఆకుకూర నారని పురుగనుకుని పేషెంట్లే తెచ్చి చూపించడం మామూలే.

స్లైడ్ మీద ఒకవైపు సెలైన్, ఇంకోవైపు అయోడిన్ ఒక్కో చుక్క. అగ్గిపుల్ల కొసకి అంటినంత, అంటే సుమారు 2 మిల్లీగ్రాముల మలం ముందు సెలైన్‌లో, తర్వాత అయోడిన్‌లో కలపండి. 22 × 22 మి.మీ. కవర్ స్లిప్ గాలి బుడగలు లేకుండా పెట్టండి. స్లైడ్ కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవగలగాలి. అక్షరాలు మసకబారితే చిక్కగా ఉన్నట్టు, మలం ఉందో లేదో తెలియనంత తేటగా ఉంటే పలచనైనట్టు. రెండూ మళ్లీ చేయాల్సినవే.

10ఎక్స్‌లో ఒక మూల నుంచి మొదలుపెట్టి, నాగలి చాలు తోలినట్టు వరసగా, కవర్ స్లిప్ మొత్తం చూడాలి. తర్వాత 40ఎక్స్‌లో కనీసం మూడో వంతు. చిన్న సిస్టులు 10ఎక్స్‌లో దొరకవు, ఈ రెండో దఫా మానేస్తేనే జియార్డియా తప్పిపోతుంది. స్టేజ్ కింద ఉండే కండెన్సర్ కిందికి దించి, ఐరిస్ (లైటు తగ్గించే రెప్ప) సగం మూయండి. లైటు పూర్తిగా వదిలితే రంగు లేని సిస్టులు ఆ వెలుగులో కలిసిపోతాయి. స్లైడ్‌ని సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టకండి, అంచులు ఆరిపోయి అక్కడున్నవన్నీ ముడుచుకుపోతాయి.

5. కాన్సంట్రేషన్

డైరెక్ట్ స్లైడ్‌లో ఏమీ లేదంటే పని సగమే అయినట్టు. గుడ్లు కొద్దిగా ఉన్నప్పుడు 2 మిల్లీగ్రాముల్లో దొరకడం అదృష్టమే. అందుకే ఎక్కువ మలంలో ఉన్నవాటిని ఒకచోటికి చేర్చి చూడాలి, కాన్సంట్రేషన్ అంటే అదే. ఫార్మలిన్–ఇథైల్ అసిటేట్ పద్ధతి ఇదీ:

ఫార్మలిన్‌లో కలిపిన మలం సుమారు 5 మి.లీ. తీసుకుని, తడిపిన గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పలచటి గుడ్డ) రెండు పొరల గుండా 15 మి.లీ. కోన్ ట్యూబులోకి వడకట్టండి. శుభ్రంగా వస్తుందని నాలుగైదు పొరలు వేస్తే గుడ్లూ, జిగటలో ఉన్న క్రిప్టోస్పోరిడియం (విరేచనాలు తెచ్చే అతి చిన్న పరాన్నజీవి) కూడా గుడ్డలోనే ఆగిపోతాయి. సెలైన్‌తో 15 మి.లీ. దాకా నింపి సెంట్రిఫ్యూజ్‌లో 500 జి వద్ద 10 నిమిషాలు తిప్పండి. పైనీళ్లు పారబోయండి. మడ్డికి 10 మి.లీ. ఫార్మలిన్ కలిపి, 4 మి.లీ. ఇథైల్ అసిటేట్ పోసి, బిరడా పెట్టి 30 సెకన్లు గట్టిగా కుదపండి. బిరడాని మీ ముఖానికి దూరంగా తీయండి, లోపల ఒత్తిడి ఉంటుంది. మళ్లీ 500 జి, 10 నిమిషాలు. ఇప్పుడు పైనుంచి నాలుగు పొరలు ఉండాలి: ఇథైల్ అసిటేట్, చెత్త బిళ్ల, ఫార్మలిన్, అడుగున మడ్డి. పుల్లతో బిళ్ల చుట్టూ గీసి వదులుచేసి, పై మూడు పొరలూ ఒక్కసారిగా వంచేయండి. ట్యూబు గోడలకంటిన చెత్త దూదిపుల్లతో తుడిచేశాక మడ్డి కలపాలి. ముందే కలిపితే ఆ కొవ్వంతా జారి స్లైడ్ నిండా బుడగలే కనిపిస్తాయి.

ఇక్కడ అందరూ పొరపడేది సెంట్రిఫ్యూజ్ దగ్గర. డయల్ మీద ఉండేది ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో. మనకి కావాల్సింది జి, అంటే భూమి ఆకర్షణకి ఎన్ని రెట్ల బలమో. రెండింటి మధ్యా సూత్రం: జి = 11.18 × వ్యాసార్ధం (సెంటీమీటర్లలో) × (ఆర్‌పీఎం ÷ 1000) వర్గం. ఇరుసు నడిమి నుంచి, తిరిగేటప్పుడు ట్యూబు అడుగు ఉండే చోటికి స్కేలుతో కొలవండి. 10 సెం.మీ. ఉంటే 500 జి రావడానికి సుమారు 2,100 ఆర్‌పీఎం కావాలి. 15 సెం.మీ. ఉంటే 1,730 చాలు. పక్క ల్యాబ్‌వాళ్లు ‘2000లో పెట్టు’ అన్నారని పెడితే ఒకచోట తక్కువ, ఇంకోచోట ఎక్కువ. తక్కువైతే తేలికైనవి కిందికి దిగవు, మొదట నష్టపోయేది క్రిప్టోస్పోరిడియమే.

జింక్ సల్ఫేట్ ద్రావణంలో గుడ్లని పైకి తేల్చే పద్ధతి వాడేవాళ్లు హైడ్రోమీటర్ పక్కనే పెట్టుకోవాలి. తాజా మలానికి ద్రావణం సాపేక్ష సాంద్రత 1.18 ఉండాలి, ఫార్మలిన్‌లో దాచినదానికి 1.20. మూత ఉన్న గుడ్లు, ఏలిక పాము ఫలించని గుడ్లు ఇందులో సరిగా తేలవు, కాబట్టి అడుగు మడ్డి కూడా చూడాలి.

6. యాసిడ్ ఫాస్ట్ రంగు

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, విరేచనాలు తగ్గని చిన్నపిల్లల నమూనాలకు, క్రిప్టోస్పోరిడియం లాంటివాటిని ఎర్రగా చూపించే ఈ రంగు తప్పనిసరి. పలచటి పూత ఆరాక మిథనాల్‌తో ఫిక్స్ చేసి, వేడి చేయకుండా కిన్యౌన్ కార్బాల్ ఫ్యూక్సిన్ 5 నిమిషాలు, 1 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ 2 నిమిషాలు, మిథిలీన్ బ్లూ 1 నిమిషం, మధ్యమధ్య కడుగుతూ.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, అదే బల్ల మీద టీబీ కళ్లె పరీక్షకు వాడే 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసా ఉంటుంది. తొందరలో అది పోస్తే ఊసిస్టులన్నీ (మలంలో కనిపించే క్రిప్టోస్పోరిడియం దశ) రంగు వదిలేస్తాయి, స్లైడ్ అందంగా నీలంగా ఉంటుంది, రిపోర్టు ‘నిల్’. సీసాల మీద వేరే రంగు లేబుల్ అంటించండి, వేర్వేరు రాక్‌లలో పెట్టండి. ప్రతి బ్యాచ్‌తో పాటు తెలిసిన పాజిటివ్ స్లైడ్ ఒకటి నడపండి. అది ఎర్రగా రాకపోతే ఆ బ్యాచ్ మొత్తం చెల్లదు.

ఎర్రగా కనిపించింది కదా అని పేరు రాసేయకండి, కొలవండి. 4–6 మైక్రాన్లయితే క్రిప్టోస్పోరిడియం, 8–10 అయితే సైక్లోస్పోరా. సైక్లోస్పోరాలో కొన్ని ఎర్రగా, కొన్ని రంగు పట్టకుండా ఉంటాయి. రెండూ గుండ్రమే, మందులు మాత్రం వేరు.

7. గుడ్ల లెక్క కావాలంటే

గుడ్లు లెక్కపెట్టే కాటో–కాట్జ్ పద్ధతిలో 41.7 మిల్లీగ్రాముల అచ్చు వాడితే, లెక్కపెట్టిన గుడ్లని 24తో గుణిస్తే గ్రాముకి ఎన్నో వస్తుంది. అచ్చు గుంతని అంచు వరకు నింపాలి, కుప్పగా కాదు. కొంకి పురుగు గుడ్లు గ్లిజరిన్‌లో తొందరగా కరిగి మాయమవుతాయి, అరగంట నుంచి గంటలోపు చూసేయాలి, ఎండాకాలంలో అరగంటే లెక్క. మధ్యాహ్నం చేసి సాయంత్రం చూసిన స్లైడ్‌లో ఏలిక పాము గుడ్లు దొరుకుతాయి, కొంకి పురుగువి దొరకవు. నీళ్ల విరేచనానికి, ఫార్మలిన్‌లో వేసినదానికి ఈ పద్ధతి పనికిరాదు.

8. రెండో కన్ను

నెలనెలా నెగటివ్‌లలో 10 శాతం, పాజిటివ్‌లన్నీ రెండో మనిషి మళ్లీ చూడాలి, మొదటి ఫలితం తెలియకుండా. తడి స్లైడ్ నిలవదు కాబట్టి, కాన్సంట్రేషన్ మడ్డిని ఫార్మలిన్‌లో నెల రోజులు దాచితేనే ఇది సాధ్యం.

తేడా వస్తే ఏ రకం తేడానో చూస్తే కారణం దానంతట అదే దొరుకుతుంది. పెద్ద గుడ్లు తప్పిపోతుంటే కవర్ స్లిప్ అంచులు చూడట్లేదు. చిన్న సిస్టులు తప్పిపోతుంటే 40ఎక్స్ వాడట్లేదు, లేదా ఐరిస్ పూర్తిగా తెరిచి ఉంది. ఒకరికే ‘హిస్టోలిటికా’ విపరీతంగా వస్తుంటే, చీము కణాల్ని సిస్టులుగా, మాక్రోఫేజ్‌లని (ఒంటి రక్షణ కణాలని) ట్రోఫోజోయిట్లుగా లెక్కేస్తున్నారు, మైక్రోమీటర్ ముట్టుకోవట్లేదు. ఈస్ట్‌ని సిస్టని, పుప్పొడిని గుడ్డని, మొక్కల నూగుని లార్వా అని అనుకోవడం కూడా ఇలాంటిదే. లార్వాకి లోపల అన్నవాహిక, పేగు ఉంటాయి, నూగు లోపల ఖాళీ గొట్టం తప్ప ఏమీ ఉండదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వారి డీపీడీఎక్స్ అనే వెబ్‌సైటులో పరాన్నజీవుల ఫోటోలు ఉచితమే, వాటిని ప్రింటు తీసి మైక్రోస్కోప్ పక్కన పెట్టుకోండి.

బయటి పరీక్షకి ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ మెడికల్ మైక్రోబయాలజిస్ట్స్ నడిపే నాణ్యతా పథకంలో చేరొచ్చు. అదీ కుదరకపోతే పక్క ఊరి ల్యాబ్‌తో మూడు నెలలకోసారి ఫార్మలిన్ నమూనాలు మార్చుకోండి. వచ్చిన నమూనాని మామూలు పేషెంట్‌దిలాగే, వంతులో ఉన్న టెక్నీషియనే చూడాలి. అందరూ గుమిగూడి చూసి జవాబు రాస్తే ఆ మార్కులు ఆ గుంపువే.

9. రిపోర్టులో ఏం రాయాలి

‘నిల్’ అని కాకుండా ‘డైరెక్ట్, కాన్సంట్రేషన్ పద్ధతుల్లో, ఈ నమూనాలో పరాన్నజీవులు కనిపించలేదు’ అని, ఎన్నో నమూనానో రాయండి. యాసిడ్ ఫాస్ట్ చేయకపోతే చేయలేదనే రాయాలి. గుడ్డా, సిస్టా, లార్వానా, ఏ దశో చెప్పాలి. నాలుగు న్యూక్లియస్‌ల సిస్టు చూసి ‘ఎంటమీబా హిస్టోలిటికా’ అని తేల్చకండి. ఎంటమీబా డిస్పార్ సిస్టు అచ్చంగా అలాగే ఉంటుంది, కాబట్టి ‘హిస్టోలిటికా/డిస్పార్’ అనే రాయాలి. ఎర్ర రక్తకణాలు మింగిన ట్రోఫోజోయిట్ కళ్లారా కనిపిస్తే అప్పుడు హిస్టోలిటికా అనొచ్చు.

కొన్నిటికి రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాలి. స్ట్రాంగిలాయిడిస్ లార్వా కనిపిస్తే వెంటనే చేయండి, ముఖ్యంగా పేషెంట్ స్టెరాయిడ్లు వాడుతుంటే, లేదా మొదలుపెట్టబోతుంటే. స్టెరాయిడ్ పడితే అది ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. టీనియా (బద్దె పురుగు) గుడ్లు కనిపించినా చేయండి. పంది బద్దె పురుగువో, గొడ్డు బద్దె పురుగువో గుడ్డు చూసి చెప్పలేం. పందిదైతే ఆ గుడ్లు నోట్లోకి వెళ్లినవాళ్లకి మెదడులో తిత్తులు రావచ్చు, ఆ డబ్బా తెరిచిన టెక్నీషియన్‌తో సహా. ఫోన్ చేసిన టైమ్, ఎవరు తీసుకున్నారో రిజిస్టర్‌లో రాసి, గ్లౌజులు మార్చుకుని తర్వాతి నమూనా ముట్టుకోండి.